సుంకమ్మ రొట్టె బల్ల

హులిగెమ్మ కూతురు సుంకమ్మకు చిన్నప్పుడే జ్వరమొచ్చి ఎడమకాలు పడిపోయింది. కింద కూర్చుంటే లేవలేదు. అందుకని తండ్రి ఉరుకుందప్ప వంటింటి గోడకు నడుమెత్తున వేపచెక్క బల్ల వేయించాడు. ఆ ఊళ్లో నిలబడి రొట్టె తట్టేది ఆ పిల్ల ఒక్కతే.

"మా ఇంట్లో దొరసాని ఉండాది" అని తండ్రి ఎగతాళి చేస్తే, "అయితే దొరసానికి నీళ్లు తోడియ్యప్పా" అనేది.

ఏళ్ల తరబడి ఒకేచోట తట్టీ తట్టీ బల్ల నడుమ నున్నటి గుంత పడింది. పోయిన ఎండాకాలం సుంకమ్మ చనిపోయాక, తల్లికి ఆ గుంతే మిగిలింది.

బిడ్డ నిలబడిన చోటు శుద్ధిగా ఉండాలని హులిగెమ్మ రోజూ పొయ్యితోపాటు బల్లనూ పేడనీళ్లతో అలికి బొట్టు పెట్టేది. వానలు వెనకబట్టేసరికి చెక్క ఉబ్బి నల్లబడింది. గోరు తగిలితే పొట్టు రాలుతోంది. శనగనూనె రుద్దితే జిగటపట్టి చీమలు చేరాయి. చివరికి వడ్రంగి పని చేసే వడ్ల బొజ్జన్నను పిలిపించింది.

"ఏమక్కా, చెక్కను గూడా అలుకుతాండావా?"

"పొయ్యిని అలకమా?"

"పొయ్యి మన్ను గదక్కా. ఇది నీళ్లు తాగుతాది."

హులిగెమ్మ తన చేతులతో తనే బల్లను పాడుచేసుకుంది.

"వార్నీసు పూస్తే?" అని ఉరుకుందప్ప అడిగాడు.

"కర్నూల్లో కొత్త సర్కారు కచేరీల బల్లలకంతా అదే. ఈడ వేడి పెనం పెడితే బొబ్బలు లేస్తాయి. అవిసెనూనె కాచి, పలచగా రుద్ది, ఆరినాక మళ్లా రుద్దల్ల. అది శానా ఏండ్లుంటాది. ముందు చిత్రిక పట్టి ఈ నల్లదంతా తీసెయ్యల్ల."

"గుంత వదిలేసి చుట్టూ పట్టు నాయనా" అంది హులిగెమ్మ.

"పుచ్చిందే గుంతలో అక్కా. అది వదిలితే ఏ నూనె పూసినా నిలవదు."

"పట్టనీలే" అన్నాడు ఉరుకుందప్ప మెల్లగా. "బల్లన్నా మిగుల్తాది."

"బల్ల నాకెందుకు?"

బొజ్జన్న చిత్రికను సంచిలో పెట్టుకుని, నూనె ఎట్లా కాచాలో చెప్పి వెళ్లాడు.

మరునాడు హులిగెమ్మ నూనె కాచి చల్లార్చి గుడ్డతో రుద్దింది. గుడ్డకు నల్లటి పొట్టు అంటుకొచ్చింది. గుడ్డ పక్కనపెట్టి అరచేత్తో రుద్దింది. చేతికీ అంటింది.

"రొట్టె యాడ తడతావు?" అన్నాడు మొగుడు.

"కిందనే."

అరచేతికి అంటిన పొట్టును కడుక్కోకుండా కొంగుకొసన దులిపి, ముడేసుకుంది. ఆ తర్వాత ఇంకొంచెం నూనె వంచుకుని, ఈసారి గుంతలో ఒక్క వేలితో, మరీ మెల్లగా రుద్దసాగింది.