దమ్ము చేసిన మట్టి

మా అన్నయ్యను నేను జీవితంలో రెండుసార్లు కొట్టాను. మొదటిసారి పీత కోసం, రెండోసారి సాలెపురుగు కోసం. రెండుసార్లూ రక్తం కళ్లజూశాను. నాకు ముక్కు మీద కోపం అంటారు మా వాళ్లు. అది మర్యాదకు అనే మాట. నా కోపం ముక్కు మీద ఆగదు, చేతుల్లోకి దిగుతుంది. ఏలూరులో మా ఇంట్లో సొట్ట పడని స్టీలు గ్లాసు ఒక్కటి కూడా లేదు. జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పుకుని బతుకుతున్నదాన్ని కాబట్టి జంతువుల మీద మాత్రం ఎప్పుడూ చెయ్యెత్తలేదు. మనుషుల మీదే.

మొదటిసారి కొట్టినప్పుడు నేను పదో తరగతి. మా పొలం పెదపాడు దగ్గర. పీతలు గట్లకు కన్నాలు పెడితే తెల్లారేసరికి మడిలో నీళ్లన్నీ పక్క చేలోకి పోతాయి. అందుకని నాట్లయ్యాక పీతల వేట ఉండేది. డిగ్రీ చదువుతున్న అన్నయ్య వంచిన ఇనప చువ్వను కన్నంలో దూర్చి, పీతను బయటికి లాగి, మడమ కింద వేసి నలిపేసేవాడు. టప్పుమని చప్పుడయ్యేది. ఒక పీత పొట్ట కింద ఆవగింజలంత పిల్లలు కిక్కిరిసి కనబడ్డాయి. “అన్నయ్యా, దీన్నొద్దు,” అన్నాను. నవ్వి కాలు మోపాడు. నేను పార తిరగేసి, కర్ర వైపుతో వీపున ఒక్కటిచ్చాను. బోర్లా పడ్డాడు. చేతిలోని చువ్వ తన మోచేతిలోనే దిగింది.

ఇంటికెళ్లాక నాన్న అడిగారు. “గట్టు మీద జారి పడ్డానండి,” అన్నాడు అన్నయ్య. చూసి నడవడం చేతకాదా అంటూ నాన్న ఇంకో రెండు తగిలించారు. నేను వసారాలో స్తంభం వెనక నిలబడి అంతా చూశాను. నోరు విప్పలేదు. ఆ మచ్చ అన్నయ్య మోచేతి మీద ఇప్పటికీ ఉంది. దాని గురించి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

సాలెపురుగు సంగతి మొన్నమొన్నటిది. తాడేపల్లిగూడెం అవతల మెట్టలో మాకొక స్థలం ఉంది. ఎర్రమట్టి నేల. ఇల్లు కట్టుకుందామని పునాదులు తవ్విస్తుంటే, తవ్వే మెషిను తొట్టిలోంచి మట్టిపెళ్లతో పాటు అరచెయ్యంత సాలెపురుగు కింద పడింది. ఒళ్లంతా నూగు. తొట్టి పళ్లు తగిలి ఎడమవైపు రెండు కాళ్లు తెగిపోయాయి. అయినా ముందు కాళ్లు రెండూ పైకెత్తి, కోరలు చూపిస్తూ, అంత మెషినుతో కలబడడానికి నిలబడింది. నాకు దాని మీద అక్కడికక్కడే ప్రేమ పుట్టింది. నాలాంటిదే ఇంకోటి కనబడితే పుట్టదా మరి!

“మేడమ్ గారూ, జరగండి! కరిచిందంటే మనిషి దక్కడండి!” అంటూ మెషిను నడిపే అతను పార ఎత్తాడు. నేను ఆ పార పట్టుకున్నాను. అతను అటు లాగాడు, నేను ఇటు లాగాను. కర్ర పేడు గుచ్చుకుని నా అరచెయ్యి చీరుకుపోయింది. “అది మిమ్మల్నేం చేసిందండీ? దాని ఇల్లు కూలగొట్టింది మనం,” అని అరిచాను. సిమెంటు బస్తా మీద కూర్చున్న మా ఆయన అతనితో మెల్లగా, “ఏవండీ, మీరే వదిలెయ్యండి. ఆవిడ వదలదు,” అన్నారు. అతను వదిలేశాడు. నేను వెనక్కి పడ్డాను.

టరాంటులా అంటారు దీన్ని. పాఠంలో ఒక్క ముక్కతో సరిపెట్టేస్తాం. నేలలో బొరియ తవ్వుకుని బతుకుతుంది. కుబుసం విడిచినప్పుడు తెగిన కాళ్లు మళ్లీ మొలుస్తాయి. అయితే ఆ సమయంలో వెల్లకిలా పడుకుంటుంది, ఒళ్లు వెన్నలా మెత్తబడుతుంది, చీమలు కూడా చంపెయ్యగలవు. అందుకే గట్టి బొరియ ఉండాలి. ఆరు కాళ్లతో ఆ మెట్టలో వదిలేస్తే బతకదనిపించింది. ఎనిమిది కాళ్లూ వచ్చాక దాని నేలకు దాన్ని పంపించాలి, అంతవరకు నా దగ్గర ఉంటుంది అని మా ఆయనకు చెప్పేశాను. ఇంట్లో ఖాళీగా పడున్న చేపల గాజుతొట్టె దించి, పైన దోమల జాలీ బిగించాను.

ఇక అందులో ఏం పరచాలి? ఇలాంటివి పెంచేవాళ్లు దాన్ని సబ్‌స్ట్రేట్ అంటారు. మా ఇంట్లో పరుపు అనేవాళ్లం. ముందు స్థలంలోని ఎర్రమట్టే తెచ్చాను. అప్పటికే దాని నిండా సిమెంటు, కంకర. పారబోశాను. తర్వాత నర్సరీ నుంచి కొబ్బరిపొట్టు తెచ్చాను. అందరూ మెచ్చుకునేది అదే, కానీ నాకిచ్చింది ఎరువు కలిపిన పొట్టు. దాని మీద వదలగానే కాలిన పెనం మీద పెట్టినట్టు కాళ్లెత్తుకుని గాజు గోడ ఎక్కేసింది. మూడు రోజులు గోడకే వేళ్లాడి, నాలుగో రోజు ధబ్బున పడింది. పడ్డప్పుడు పొట్ట పగిలితే ఇక దక్కదు. అదృష్టం కొద్దీ పగల్లేదు. నేను ఆ పొట్టు బస్తాను బాల్కనీలోంచి వీధిలోకి విసిరేశాను. “ఏవండీ టీచరుగారూ, కింద మనుషులున్నారండీ!” అని కింద వాటా ఆవిడ అరిచింది.

ఇసుక పోశాను. అది సగం తవ్వేసరికి కన్నం కూలిపోయేది. మళ్లీ తవ్వేది, మళ్లీ కూలేది. ఆ ఆరు కాళ్లతోనే. చూడలేక ఏడుపొచ్చింది నాకు. “కందకు లేని దురద కత్తిపీటకెందుకు?” అన్నారు మా ఆయన కాఫీ తాగుతూ. కందకూ దురదుంది, ఆయనకే కనబడలేదు. ఇంకో గ్లాసు సొట్టపడింది.

తిండికి మాత్రం లోటు చెయ్యలేదు. కాలవగట్టు బొద్దింకలను పట్టి, పటకారుతో తొట్టెలో వదిలేదాన్ని. బొద్దింక రెండడుగులు వేసేది. మూడో అడుగు పడేది కాదు. కోరలు రెండూ వీపులో దిగేవి, కరకరమని నలిగేది, రెక్కలు ఒకవైపు, కాళ్లు ఒకవైపు రాలేవి. నాకు అది చూడడం ఇష్టంగా ఉండేది. అన్నయ్య పీతను నలిపితే కర్రెత్తిందీ నేనే.

అన్నయ్య ఇప్పుడు ఆ పొలమే చేస్తున్నాడు, చేపల చెరువులూ ఉన్నాయి. ఒకరోజు ఏదో పని మీద ఏలూరు వచ్చి తొట్టె చూశాడు. “చెప్పుతో ఒక్కటిచ్చి ఊడ్చెయ్యకుండా దీనికి కాపురం పెట్టావేంటే?” అన్నాడు. అన్నాడు గాని, వంగి చాలాసేపు చూశాడు.

“కాళ్లొస్తాయా మళ్లీ?”

“మంచి మట్టి దొరికితే వస్తాయి అన్నయ్యా.”

వారం తిరక్కుండా బస్తా భుజాన వేసుకుని మూడంతస్తులు ఎక్కొచ్చాడు. మా చేను గట్టు మట్టి. నల్లటి ఎండు బెడ్డలు. “పీతలు ఇందులోనే కదే కన్నాలు పెట్టేవి? ఒక్కటీ కూలేది కాదు,” అన్నాడు. అంటూ నా మొహం వైపు చూడలేదు. నేను బస్తా మూతి విప్పుతూ కూర్చున్నాను. మెట్లు దిగుతూ నీళ్ల సంగతేదో చెప్పాడు గాని నేను చెవిన పెట్టలేదు.

మా వైపు మనిషికి మట్టి చేతికొస్తే తెలిసిన పని ఒక్కటే. నాట్లకు ముందు మడి నిండా నీళ్లు పెట్టి, ఒక్క బెడ్డ మిగలకుండా బురదంతా వెన్నలా అయ్యేదాకా తొక్కిస్తాం. దమ్ము చేయడం అంటాం దాన్ని. దమ్ము బాగా చేసిన మడిలో నీటిచుక్క కిందికి ఇంకదు. నేను ప్లాస్టిక్ టబ్బులో బెడ్డలు పోసి, రెండు బకెట్లు నీళ్లు కుమ్మరించి, చీర ఎగ్గట్టి గంటసేపు తొక్కాను. కాలేజీ మీద కోపం, నర్సరీ వాడి మీద కోపం, అన్నీ కలిపి తొక్కాను. కాలివేళ్ల మధ్య నుంచి చల్లటి బురద పైకొస్తుంటే ఎంత సుఖమో! తొట్టెలో జానెడు మందాన నింపి, ఇంటి పని కోసం కొన్న తాపీతో నున్నగా దిద్దాను. కాస్త ఆరనిచ్చి, మొదలుపెట్టడానికి వీలుగా ఒక కన్నం పొడిచి, దాన్ని వదిలాను. సాయంత్రానికే లోపలికి తవ్వుకుంటూ దిగింది. గోడ కూలలేదు. అన్నయ్యకు ఫోన్ చేసి, “మన మట్టి ఒప్పుకుంది!” అని అరిచాను.

కొన్నాళ్లకు తిండి మానేసింది. బొరియ మూతికి గూడు అల్లి మూసుకుంది. కుబుసం విడిచే ముందు అలాగే చేస్తుంది కాబట్టి సంతోషించాను. చెమ్మ ఎక్కువైతే బూజు పడుతుందని నీళ్లు చిలకరించడం ఆపేశాను. ఇంతలో రోహిణి కార్తె వచ్చింది. రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు. పై అంతస్తు ఇంట్లో మట్టెంత! ముందు మట్టి గాజు గోడను వదిలి ఇవతలికి జరిగింది. తర్వాత వెంట్రుకలంత బీటలు పడ్డాయి. అవి వేలెడంత అయ్యాయి. నేను రోజూ చూస్తూనే ఉన్నాను, మన పొలాలూ వేసవిలో ఇలాగే ఉంటాయి కదా అనుకుంటూ.

ఒక మధ్యాహ్నం తొట్టెలోంచి టప్పుమని చప్పుడైంది. పరిగెత్తాను. బీటల మధ్య పెళ్ల ఒకటి విడిపోయి, బొరియ మీదికి వాలిపోయింది. సందులో ఒక కాలి కొస కనబడుతోంది. కదలడం లేదు. తాపీతో పెళ్ల ఎత్తబోయాను. రాయిలా ఉంది, తాపీ జారిపోతోంది.

అప్పుడే అన్నయ్య కొల్లేటి కొర్రమీనులు సంచిలో పట్టుకుని గుమ్మంలోకొచ్చాడు. “ఏమ్మా, కాళ్లొచ్చాయా?” అన్నాడు నవ్వుతూ.

ఆ నవ్వు చూశాను. గట్టు మీద నవ్వే అది. “చంపేశావ్! నీ మట్టి చంపేసింది! పీతల్ని చంపినట్టే చంపేశావ్!” అంటూ తాపీ విసురుగా తిప్పాను. అంచు కనుబొమ మీద పడింది. చర్మం విచ్చుకుని ఎముక తెల్లగా కనబడింది, మరుక్షణం రక్తం కప్పేసింది. సంచి జారి కొర్రమీనులు గచ్చు మీద ఎగిరెగిరి పడ్డాయి. మా ఆయన వచ్చి నా మణికట్టు పట్టుకున్నారు. ఆయన్నీ తన్నాను. ఇంకా కొట్టాలనే ఉంది నాకు, నిజం చెబుతున్నాను.

అన్నయ్య తువ్వాలు నుదుటికి అదుముకుని, నా చేతిలోంచి తాపీ తీసుకుని, తొట్టె ముందు కూర్చున్నాడు. పెళ్లను కుదుపుతూ కుదుపుతూ బయటికి తీశాడు. నేలకేసి కొడితే ఇటుకలా విరిగింది. విరిగిన చోటు వెలుతురుకు పట్టి చూశాడు. సూది బెజ్జమంత సందు లేదు.

“దీన్ని దమ్ము చేసిందెవరు?” అన్నాడు.

నేను నా కాళ్ల వైపు చూసుకున్నాను.

“పొడిపొడిగా చితక్కొట్టి వెయ్యమన్నాను కదమ్మా. నీళ్లు పోసి తొక్కితే ఎండాక బీటలు తీస్తుందని మెట్ల మీద చెప్పానే.” గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

మిగిలిన మట్టి గోకి, దాన్ని రెండు చేతులతో బయటికి తీశాడు. వెల్లకిలా ఉంది. కుబుసం సగం విడిచింది. పెళ్ల సరిగ్గా పొట్ట మీద పడింది. ఎడమవైపు పాత తోలులోంచి పాలిపోయిన సన్నటి కొత్త కాళ్లు రెండు బయటికొచ్చి ఉన్నాయి.

“కాళ్లొచ్చాయే,” అన్నాడు అన్నయ్య. కనుబొమ నుంచి రక్తం కారి అరచేతుల్లో పడుతోంది. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. నేనే తుడిచాను.

వీధి చివరి క్లినిక్కుకు ఆటోలో వెళ్లాం. డాక్టరుగారు గాయం కడిగి, “మూడు కుట్లు పడతాయండీ. ఎలా తగిలింది?” అన్నారు.

“గుమ్మం తగిలిందండి. చూసుకోలేదు,” అన్నాడు అన్నయ్య. అప్పుడు నాన్నతో చెప్పిన గొంతే. నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను, అప్పుడు స్తంభం వెనక నిలబడ్డట్టే.

“గుమ్మం కాదండీ,” అన్నాను. “నేను కొట్టాను. తాపీతో. మట్టి తొక్కింది కూడా నేనే.”

డాక్టరుగారు సూది ఆపి ఇద్దర్నీ చూశారు. మట్టి సంగతి ఆయనకేం అర్థమవుతుంది! అన్నయ్య కళ్లు మూసుకునే ఉన్నాడు. మచ్చ ఉన్న చెయ్యి బల్ల అంచు మీద ఉంది.

“పీత సంగతి కూడా చెప్పెయ్యవే,” అన్నాడు.

కుట్లు వేస్తున్నంతసేపూ చెప్పాను. నాన్న లేరు. ఆయనకు చెప్పాల్సింది ఆ డాక్టరుగారికి చెప్పాను.