ఓడిన జట్టును ఇంటికి పంపని మాష్టారు

మా డ్రిల్లు మాష్టారు పోయారు. పోయిన ఆదివారం ప్రార్థన ముగించుకుని ఇంటికొచ్చి, మంచినీళ్ళు అడిగి, అవి తెచ్చేలోపే వెళ్ళిపోయారట. సాయంత్రానికి రాజమండ్రి నుంచి మా ఊరికి కబురు వచ్చింది. ఒకరిచేత సేవ చేయించుకోవడం ఆయనకు ఎప్పుడూ చేతకాలేదు. పోయేటప్పుడూ అంతే.

ఆయన రాజమండ్రికి మారకముందు మా ఊరి మిషన్ బడిలో డ్రిల్లు చెప్పేవారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. తలపాగా ఎప్పుడూ ఒక పక్కకు జారిపోతుండేది. సాయంత్రమైతే పంచె ఎగగట్టి, గోదావరి గట్టు కింద ఇసుకలో మాకు ఫుట్‌బాల్ నేర్పేవారు. "బంతిని తర్వాత చూద్దువుగాని, ముందు పక్కవాడెక్కడున్నాడో చూడరా" అని నన్ను రోజూ కోప్పడేవారు. నాకు బంతి తప్ప మనుషులు కనబడేవారు కాదు.

జట్టులో సగంమంది క్రైస్తవుల పిల్లలు, సగంమంది మాలాంటి రైతుల పిల్లలు. బంతి లోపలి రబ్బరు తిత్తిని నోటితో ఊదాలి. ఒకరు ఊదినదాన్ని ఇంకొకరు నోట పెట్టుకుంటే ఎంగిలి కాదూ! తోలుబంతిని తన్నడానికి లేని పట్టింపు దీనికి వచ్చిపడింది. మాష్టారు ఎవరినీ ఏమీ అనలేదు. మేం రాకముందే తానే ఊది, తాడు బిగించి ఉంచేవారు.

ఆ ఏడు దేశం నలుమూలల నుంచి క్లబ్బులు వచ్చి ఆడే కప్పును కాకినాడలో పెట్టారు. మాష్టారు మా జట్టుకీ ఒక క్లబ్బు పేరు తగిలించి చేర్పించారు. మా నాన్న మాత్రం ఖరాఖండిగా చెప్పేశారు. "ఈ ఒక్కసారికే. ఓడి వచ్చావంటే మళ్ళీ ఆ పిల్లల మధ్య కనబడ్డానికి వీల్లేదు." ధవళేశ్వరంలో పడవెక్కినప్పటి నుంచీ నాకు అదే బెంగ.

మొదటి ఆటలోనే మద్రాసు జట్టు మమ్మల్ని చితక్కొట్టింది. ఓడిన జట్టు ఇంటికి పోవాలన్నది ఆ కప్పు పద్ధతి. అది మాష్టారికి ఎంతకీ తలకెక్కలేదు. "అదేం న్యాయంరా? చెడుగుడులో అవతల ఒకడు చస్తే ఇవతల చచ్చినవాడు లేస్తాడా లేదా? మద్రాసువాళ్ళని ఓడనీండి, మనం లేస్తాం" అన్నారు. మాకూ సబబుగానే తోచింది. చెడుగుడు పద్ధతి తప్ప మాకు వేరే పద్ధతి ఏం తెలుసు గనక! కట్టిన మూటలు విప్పేశాం.

సముద్రం ఒడ్డున ఒక ఖాళీ గోదాములో మకాం. రెండు పొయ్యిలు, రెండు కుండలు. మద్రాసువాళ్ళు గెలుస్తూ పోయారు, మేం వాళ్ళ ఓటమి కోసం కాచుకుని సాధన చేస్తూ పోయాం. ఇంతలో ఉప్పుగాలికి మాష్టారికి దగ్గు పట్టుకుంది. ఆయన ఊదలేకపోతే ఒక క్రైస్తవుల కుర్రాడు తిత్తి అందుకున్నాడు. సగంలో వాడికి ఊపిరి చాల్లేదు. గొట్టాన్ని వేళ్ళతో నొక్కిపట్టి, "పట్టుకోరా బాబూ, గాలి పోతోంది!" అని నా మొహంలోకి తోశాడు. ఆలోచించే వ్యవధి ఎక్కడిది? నోట పెట్టుకుని ఊదేశాను. మాష్టారు దగ్గుతూనే నవ్వారు. ఆ దగ్గు నిజమైనదేనని నా నమ్మకం. నమ్మనివాళ్ళు మా జట్టులో ఇప్పటికీ ఉన్నారు.

మద్రాసువాళ్ళు చివరి ఆటలో ఓడారు. మాష్టారు తలపాగా సరిచేసుకుని, కప్పు నడిపే దొర దగ్గరికి వెళ్ళి వచ్చారు. "లేవనివ్వరటర్రా" అని ఇసుకలో చతికిలబడ్డారు. పంచె దులుపుకుని లేస్తూ, "పోనీలెండి, ఇన్నాళ్ళూ ఆడుకున్నాం కదా" అన్నారు.

ధవళేశ్వరం రేవులో మా నాన్న పూలదండతో నిలబడి ఉన్నారు. చివరిదాకా తిరిగి రాలేదంటే చివరిదాకా గెలిచారని ఊళ్ళో అనుకున్నారు మరి. నేను మాష్టారి వెనక్కి నక్కాను.

"గొప్ప పని చేశారు మాష్టారూ" అన్నారు నాన్న.

"లేదండి. మొదటి ఆటలోనే ఓడిపోయామండి."

"మరి ఇన్నాళ్ళూ ఏం చేశారండీ?"

"కలిసున్నామండి."

నాన్న ఆ దండను ఏం చేయాలో తోచక మాష్టారి చేతిలో పెట్టేశారు. మర్నాడు సాయంత్రం నేను గడప దగ్గర తచ్చాడుతుంటే, "చీకటి పడకముందే వచ్చెయ్" అన్నారు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు ఆడాను. నాకున్న స్నేహితులంతా ఆ ఇసుకలో దొరికినవాళ్ళే. ఆ మాష్టారే లేకపోతే వాళ్ళ వీధి దాటుకుంటూ పోయేవాణ్ణి తప్ప, వాళ్ళ గడప తొక్కేవాణ్ణి కాదు. ఆయనకు ఈ మాట ఎదురుగా చెప్పి ఉంటే నవ్వి ఊరుకునేవారు.

సోమవారం సమాధికి నాన్న కూడా నాతో బండెక్కారు. ముసలితనంలో అంత దూరం వద్దన్నా వినలేదు. ఒకప్పటి మా జట్టులోని క్రైస్తవుల కుర్రాళ్ళు పెట్టె ఎత్తుకున్నారు. నాన్న పక్కనున్నారన్న బెరుకుతో నేను దారి పక్కనే ఆగిపోయాను.

"నువ్విక్కడ నిలబడ్డావేంట్రా? వెళ్ళి పట్టుకో" అన్నారు నాన్న.

వెళ్ళాను. ముందున్నవాడు తల తిప్పకుండానే కొంచెం జరిగి నా భుజానికి చోటిచ్చాడు. మలుపు దగ్గర వెనక్కి చూస్తే, చెప్పులు చేత్తో పట్టుకుని, మా అడుగుల్ని అందుకోవాలని నాన్న గబగబా నడుస్తున్నారు.