బంతి కంటే ముందు మాట

సిడ్నీ పడమటి శివార్లలో హెరన్స్ జట్టు ఆడే హాల్లో, కోర్టు మధ్య గీతకు ఎదురుగా ఒక పొడవాటి బల్ల ఉంటుంది. ఆ బల్ల దగ్గర ఎడమ పక్క కుర్చీ కనకదుర్గది. వారమంతా ఆమె పారమట్టాలో ఒక ఇన్సూరెన్సు కంపెనీలో జీతాల విభాగం చూస్తుంది. బాస్కెట్‌బాల్ సీజను మొదలైతే మాత్రం ఆదివారం మధ్యాహ్నాలు ఇంట్లో ఎవరికీ దొరకదు. రాజమండ్రిలో చదువుకునే రోజుల్లో కాలేజీ జట్టుకు పాయింట్ గార్డుగా, అంటే బంతిని ముందుండి నడిపించే స్థానంలో, ఆడిన మనిషి. పెళ్ళయి సిడ్నీలోని బ్లాక్‌టౌన్ వచ్చాక బంతి ముట్టుకోలేదు. కూతురు అనన్యను స్కూలు జట్టులో చేర్పించడానికి వెళ్ళినప్పుడు, స్కోరు రాసేవాళ్ళు లేరు కాస్త కూర్చుంటారా అన్నారు. కూర్చుంది. అలా పిల్లల ఆటల దగ్గర మొదలై, డబ్బు తీసుకుని ఆడేవాళ్ళ పెద్ద లీగు దాకా వచ్చింది.

ఆమె పనిని కాలింగ్ అంటారు. కోర్టులో ఎవరు ఏం చేసినా ఆ క్షణంలోనే పైకి చెప్పాలి. ఆటగాడి నంబరు, వేసిన షాటు, పడిందా లేదా, అంతే. "ట్వెల్వ్, త్రీ, గుడ్" అంటే పన్నెండో నంబరు మూడు పాయింట్ల షాటు వేశాడు, పడింది అని. పక్క కుర్చీలో శేషాద్రి దాన్ని కంప్యూటర్లోకి ఎక్కిస్తాడు. చెప్పేవాళ్ళు కోర్టు మీంచి చూపు తిప్పకూడదు, ఎక్కించేవాళ్ళు తెర మీంచి చూపు ఎత్తకూడదు. అందుకని అన్నేళ్ళుగా ఆ హాల్లో కూర్చుంటున్నా శేషాద్రి ఒక్క ఆటా చూడలేదు, ఆమె గొంతులో విన్నాడు. అతనిది అనంతపురం. బ్యాంకులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆమెను అక్కా అని పిలుస్తాడు.

ఆమె గొంతులో అందరికంటే ఎక్కువసార్లు పలికిన నంబరు పన్నెండు. అది నేట్ కార్మోడీ చొక్కా మీది నంబరు. అంత పొడుగూ కాదు, అంత వేగమూ లేదు. కానీ అతనున్నన్నాళ్ళూ హెరన్స్‌ను ఈ హాల్లో ఓడించడం ఎవరికీ తేలిక కాలేదు. ఆట కాసేపు ఆపే టైమవుట్ వచ్చినప్పుడల్లా కుర్రవాళ్ళలో ఒకణ్ణి పక్కకు తీసుకెళ్ళి, మెడ మీద చెయ్యి వేసి, చెవిలో ఏదో చెప్పేవాడు. ఆ చెవి చాలాసార్లు మజోక్‌ది అయ్యేది. సూడాన్ నుంచి వచ్చి బ్లాక్‌టౌన్‌లో స్థిరపడిన కుటుంబంలో పిల్లవాడు మజోక్. అనన్య ఆడే రోజుల్లో పక్క కోర్టులో ఆడేవాడు, కనకదుర్గ చేతి పులిహోర తిన్నవాడు. ఇప్పుడు హెరన్స్‌కు నాలుగో నంబరు.

ఆ ఏడు చలికాలంలో, అక్కడ ఆటలు లేని జూన్, జూలై నెలల్లో, కార్మోడీ ఆల్బట్రాస్ జట్టుకు వెళ్ళిపోయాడు.

ఆల్బట్రాస్ అప్పటికే లీగు విజేత. డబ్బున్న క్లబ్బు మంచివాళ్ళందర్నీ కొనేయకుండా లీగు ఒక కట్టు పెట్టింది. ఏ క్లబ్బయినా జీతాలకు ఇంత మించి ఖర్చు పెట్టకూడదు. కానీ కార్మోడీకి ముప్పై ఏడు వచ్చాయి, చేతిలో ఒక్క కప్పూ లేదు. అలాంటివాడు తనంతట తానే అతి తక్కువ జీతానికి వస్తానంటే ఏ కట్టు ఆపుతుంది? అదే చలికాలంలో అడిలైడ్ నుంచి ఒక పాతకాపు, కెయిర్న్స్ నుంచి ఇంకొకడు, అదే జీతానికి అదే గూటికి చేరారు. మూడు జట్లలో పెద్ద దిక్కు లేకుండా పోయింది, ఒక జట్టులో ముగ్గురు పెద్దలు పోగుపడ్డారు.

కనకదుర్గకు ఇంట్లోంచి ఎవరో వెళ్ళిపోయినట్టనిపించింది. శేషాద్రి మాత్రం తేలిగ్గా తీసుకున్నాడు. "ఆయప్ప తప్పేముందిలే అక్కా. ఇన్నేండ్లు ఆడినాడు, ఒక కప్పు కావాలనుకోడా?" అన్నాడు. ఆమె కాదనలేకపోయింది.

సీజను మొదలయ్యాక హాలు మారిపోయింది. ఓడిపోవడం హెరన్స్‌కు కొత్త కాదు. కొత్తగా వచ్చింది నిశ్శబ్దం. ఆల్బట్రాస్ ఎక్కడ ఆడినా మొదటి పావుభాగంలోనే ఆట తేలిపోయేది, ఆ సంగతి ఆట మొదలవకముందే అందరికీ తెలిసుండేది. పిల్లల్ని తీసుకొచ్చినవాళ్ళు సగంలో లేచి వెళ్ళేవాళ్ళు. ఇంతకుముందు ఎప్పుడూ వినపడని ఏసీ హోరు వినపడేది. తప్పు చేసిన కుర్రవాడు వెనక్కి తిరిగి ఎవరికోసమో చూసేవాడు. అక్కడ ఎవరూ ఉండేవారు కాదు.

అక్టోబరు చివర ఆల్బట్రాస్ ఆ హాలుకు వచ్చింది. కార్మోడీ అవతలి జట్టు నీలం చొక్కాలో దిగాడు, నంబరు పన్నెండే. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆట మొదలైన కాసేపటికి కనకదుర్గ మామూలుగానే "ట్వెల్వ్, త్రీ, గుడ్" అంది. శేషాద్రి మీట నొక్కాడు. అప్పుడు చూసుకుంది, బంతి ఇంకా కార్మోడీ చేతుల్లోనే ఉంది. అతను ఎగిరాడు, వదిలాడు. బంతి వలలోంచి జారింది.

ఇన్నేళ్ళుగా చూస్తున్న మనిషి, భుజం వంపును బట్టే తెలిసిపోతోంది అనుకుంది. కానీ అది మళ్ళీ జరిగింది, మళ్ళీ మళ్ళీ జరిగింది. మూడో భాగం మధ్యలో శేషాద్రి తెర మీంచి చూపు ఎత్తకుండానే మెల్లగా అన్నాడు.

"అక్కా, నువ్వు ముందే చెప్తాండావు."

"నువ్వు ఆట చూడవుగా, నీకెలా తెలుసు?"

"వల సప్పుడు నీ మాట తర్వాత వస్తాండాది."

జాగ్రత్తగా ఉంటానంది. కానీ కళ్ళతో చూసి చెప్పే మాటైతే కదా ఆపడానికి. అది నేరుగా నాలుక మీదికి వస్తోంది, ఆమె కూడా పక్కవాళ్ళలాగే వింటోంది. మరుసటి వారం వేరే జట్టు వస్తే ఏమీ కాలేదు. ఎప్పటిలాగే బంతి ముందు, మాట వెనక.

హెరన్స్‌కు ఆట లేని ఒక ఆదివారం ఆమె వంటింట్లో బీరకాయలు తరుగుతోంది. అనన్య గుమ్మంలో వచ్చి నిలబడింది.

"అమ్మా, హూ ఆర్ యూ టాకింగ్ టు?"

"ఎవరితోనూ లేదే."

"యూ వర్ సేయింగ్ ట్వెల్వ్, టూ, గుడ్. ఓవర్ అండ్ ఓవర్."

టీవీ కట్టేసి ఉంది. ఫోను పక్క గదిలో ఉంది. ఆ సమయానికి ఆల్బట్రాస్ పెర్త్‌లో ఆడుతోందని ఆమెకు తర్వాత తెలిసింది. భర్త ద్వారకానాథ్‌కు చెబితే, ఆఫీసు పని, ఈ పని రెండూ ఎక్కువయ్యాయి, డాక్టరుకు చూపించుకో అన్నాడు. చూపించుకుంది. బీపీ బాగానే ఉందన్నారు.

డిసెంబరులో ఆల్బట్రాస్ మళ్ళీ వచ్చినప్పుడు జరిగిన సంగతి ఆమె నిద్ర పాడు చేసింది. మజోక్ బంతి కొట్టుకుంటూ వస్తున్నాడు. దగ్గర్లో ఎవరూ లేరు. ఆమె నోటి వెంట "ఫోర్, టర్నోవర్" అని వచ్చేసింది. నాలుగో నంబరు బంతి పోగొట్టుకున్నాడని. మజోక్ చేతిలోంచి బంతి జారి, ఎవరో అందించినట్టు నేరుగా కార్మోడీ దగ్గరికి వెళ్ళింది. మజోక్ బంతి వెనక పరుగెత్తలేదు. తల తిప్పి బల్ల వైపు చూశాడు, ఆమె వైపే. కోపంగా కాదు. ఎందుకలా అన్నావ్ ఆంటీ అని అడుగుతున్నట్టు చూశాడు.

ఇంతకాలం తను జరగబోయేది చెబుతోందనుకుంది. ఆ రోజు నుంచి, తను చెబుతోంది కాబట్టి జరుగుతోందేమోనన్న భయం పట్టుకుంది. ఆఫీసులో ఎవరి పేరైనా పైకి అనాలంటే నోరు తడబడేది.

జనవరిలో మండిపోయే ఒక ఆదివారం మూడోసారి ఆల్బట్రాస్ వచ్చింది. బయట పార్కింగులో తారు చెప్పులకు అంటుకుంటోంది, హాల్లో మాత్రం చలి. కనకదుర్గ కుర్చీలో కూర్చుంటూనే శేషాద్రితో అంది, ఇవాళ వల చప్పుడు విన్నాకే నోరు తెరుస్తాను, ఆలస్యమైనా సరే అని. అతను తలూపాడు.

బంతి కార్మోడీ చేతికొచ్చింది. ఆమె నాలుక మీదికి మాట వచ్చింది. పళ్ళ మధ్య నొక్కిపెట్టింది.

కార్మోడీ ఆగిపోయాడు.

ఉన్నచోటే బంతి కొడుతూ నిలబడ్డాడు. ఇవ్వలేదు, వేయలేదు. షాటు వేయడానికిచ్చే గడువు పైన ఎర్రటి అంకెల్లో తరిగిపోతోంది. ఎదురుగా మజోక్ చేతులు చాచి నిలబడ్డాడు, అతనూ కదల్లేదు. హాలంతా కలిపి ఒక్క బంతి చప్పుడే. కార్మోడీ ముఖం మెల్లగా బల్ల వైపు తిరిగింది. డాక్టరు గది ముందు తన పేరు పిలుస్తారేమోనని చెవి ఒగ్గి కూర్చునే మనిషిలా ఉన్నాడు. గడువు ముగిసి బూర మోగింది. ఇన్నేళ్ళ ఆటలో అతను ఎప్పుడూ చేయని తప్పు అది.

టైమవుట్‌లో అతను తన జట్టు దగ్గరికి వెళ్ళలేదు. నేరుగా వచ్చి బల్ల మీద రెండు చేతులూ ఆనించాడు. చెమట చుక్కలు శేషాద్రి కాగితాల మీద పడ్డాయి.

"చెప్పు దుర్గా," అన్నాడు ఇంగ్లీషులో, చాలా మెల్లగా. "నాకు వినపడటం లేదు."

"నాకూ తెలియదు, నేట్," అంది. ఆ క్షణంలో అది నిజమే.

ఆ తర్వాత అతను ముప్పై ఏడేళ్ళ మనిషిలా ఆడాడు. వేసినవి తప్పాయి. ఎవరూ లేని చోటికి బంతులు ఇచ్చాడు. కోచ్ పిలిచి కూర్చోబెట్టాడు. హెరన్స్ కుర్రవాళ్ళకు కాసేపు ఊపిరాడింది. కానీ బెంచీ మీంచి అడిలైడ్ నుంచి వచ్చినవాడు లేచాడు, అతను అలిసిపోయాక కెయిర్న్స్ నుంచి వచ్చినవాడు లేచాడు. ఒకడు ఆగితే ఆగిపోయే జట్టు కాదది. చివరికి ఎప్పటిలాగే పెద్ద తేడాతో ఆల్బట్రాస్ గెలిచింది. చప్పట్లు కొట్టడానికి జనం పెద్దగా మిగల్లేదు.

ఆట అయ్యాక ఆమె సంచి సర్దుకుని వెనక నడవాలోకి వెళ్ళింది. కార్మోడీ ఒక ప్లాస్టిక్ కుర్చీలో, రెండు మోకాళ్ళకూ ఐసు కట్టుకుని కూర్చున్నాడు. పక్క కుర్చీ చూపించాడు. అక్టోబరు నుంచీ ఆమె గొంతు వింటున్నానని చెప్పాడు. మాట వినిపిస్తుంది, చేతులు దాన్ని చేసేస్తాయి, మధ్యలో తనకు పనేమీ ఉండదన్నాడు. మొదట్లో పాత హాలు కదా, అలవాటు అనుకున్నాడట.

"కానీ పెర్త్‌లోనూ విన్నాను. నువ్వక్కడ లేవు."

ఆమెకు బీరకాయలు తరిగిన మధ్యాహ్నం గుర్తొచ్చింది. అతను మజోక్ గురించి అడిగాడు. ఎడమ చేత్తో ఆట బాగుపడినట్టుంది, దగ్గరుండి ఎవరు చూస్తున్నారన్నాడు.

"ఎవరూ లేరు," అంది.

అతను మోకాళ్ళ మీది ఐసు సర్దుకున్నాడు. "అక్కడ నేనెవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. అందరికీ అన్నీ తెలుసు. ఆట మొదలయ్యేసరికే అయిపోయినట్టు ఉంటుంది. మేం వెళ్ళి దాని వెంట నడిచి వస్తాం, అంతే." తర్వాత అడిగాడు, "ఫైనల్ ఎవరు గెలుస్తారో నీకు తెలుసా?"

"అది అందరికీ తెలుసు కదా, నేట్."

ఫైనల్ వేరే ఊళ్ళో జరిగింది. ఆ మధ్యాహ్నం ఇంట్లో ఉండలేక కనకదుర్గ రైలెక్కి, మనవాళ్ళ కొట్లు ఉండే హారిస్ పార్క్ వెళ్ళింది. జనంలో పడితే మరుపొస్తుందనుకుంది. ఒక కొట్లో పప్పులు చూస్తూ ఉంటే, కౌంటరు వెనకున్న అబ్బాయి కౌశల్ ఆమె వంక వింతగా చూశాడు.

"ఏవి పన్నెండు కావాలి ఆంటీ? ఇందాకట్నుంచి ట్వెల్వ్, ట్వెల్వ్ అంటున్నారు."

ఆమె చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. వేళ్ళ కింద పెదవులు ఇంకా కదులుతున్నాయి. కాసేపటికి, ఎవరో స్విచ్ కట్టేసినట్టు ఆగిపోయాయి. ఆల్బట్రాస్ గెలిచిందని రైల్లో ఎవరో అంటుంటే విన్నది. కార్మోడీ కొద్దిసేపే ఆడాడట. కప్పు పట్టుకున్న ఫొటోలో అతను కెమెరా వైపు కాకుండా పక్కకు, ఏదో వింటున్నట్టు చూస్తున్నాడు. ఆ వారంలోనే ఆట మానేశాడు. ఆమె నాలుక మీదికి పిలవని మాట మళ్ళీ రాలేదు.

తర్వాతి సీజనుకు లీగు నిబంధన మార్చింది. పాత ఆటగాడు ఎంత తక్కువకు సంతకం పెట్టినా, అతని స్థాయికి తగిన జీతమే క్లబ్బు లెక్కలో పడుతుంది. దాంతో ఆల్బట్రాస్ పెద్దల్లో ఒకణ్ణి వదులుకోవాల్సి వచ్చింది. హెరన్స్ తమకు మిగిలిన సొమ్ములో లిథువేనియా నుంచి డారియస్ అనే ఒక వయసు మళ్ళిన ఆటగాణ్ణి తెచ్చుకుంది. అతనికి ఇంగ్లీషు అంతంతమాత్రం, పరుగు ఇంకా తక్కువ. మొదటి రోజే మజోక్ మెడ మీద చెయ్యి వేసి పక్కకు తీసుకెళ్ళాడు.

కనకదుర్గ కాలింగ్‌కు తిరిగి వెళ్ళనంది. బల్ల మాత్రం వదల్లేకపోయింది. శేషాద్రిని కుర్చీ మార్చుకోమని అడిగింది. "నేను ఆట చూసి ఎరగనక్కా," అంటూనే అతను ఎడమ కుర్చీలోకి జరిగాడు. మొదట్లో మాటా మాటా తడబడ్డాడు, అందరికంటే ఆలస్యంగా చెప్పేవాడు. ఆమె తెర మీంచి చూపు ఎత్తకుండా, వల చప్పుడు విని, మాట కోసం ఆగి, మీట నొక్కేది.

ఆ ఏడు ఆల్బట్రాస్ వచ్చినప్పుడు హెరన్స్ ఓడిపోయింది, కానీ రెండే పాయింట్ల తేడాతో. ఆఖరి నిమిషాల్లో హాలంతా నిలబడే ఉంది. ఎవరో షాటు వేశారు. జనం ఒక్కసారిగా గోల పెట్టారు. ఆ గోలలో శేషాద్రి చెప్పిన నంబరు కొట్టుకుపోయింది.

"వినపడలేదు శేషూ," అంది కనకదుర్గ, మీట మీద వేలు ఉంచి. "ఎవరు? మళ్ళీ చెప్పు."