గుడారాల వాళ్ళ కథ చెప్పిన సలోమి టీచరమ్మ

ఇప్పటికీ మధ్యాహ్నం అన్నాల వేళ దాటాక ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగ్ చేస్తారు. ముందు కాళ్ళ కింద నేల చిన్నగా వణుకుతుంది, తరువాత వంటింట్లో స్టాండు మీద స్టీలు గిన్నెలు గలగలమంటాయి, ఆ వెనక చప్పుడు వస్తుంది. మా ఇంట్లో ఎవరూ తల కూడా ఎత్తరు. నాకు మాత్రం ఆ గిన్నెల చప్పుడు వినగానే సుద్దముక్క పట్టుకుని నల్లబల్ల దగ్గర ఆగిపోయిన ఒక చెయ్యి కనబడుతుంది. సలోమి టీచరమ్మ చెయ్యి అది. ఆమె అక్షరాన్ని సగంలో ఆపి, "ఆగుండ్రి, ఐగుప్తు రాజు రథాలు పోతున్నయి, పోనియ్యుండ్రి" అనేది. మేము నవ్వేవాళ్ళం. దుమ్ము తగ్గాక మిగిలిన సగం అక్షరం రాసేది.

మీరెవరూ ఆమెను చూడలేదు కాబట్టి చెబుతాను. పొట్టి మనిషి, గుండ్రంగా ఉండేది. ఎండైనా వానైనా చంకలో గొడుగు. సర్కారు బడిలో సోషల్ చెప్పి రిటైరై, కమాన్‌పూర్ అవతల ఉండే మా ఊళ్ళో, మా ఇంటికి ఎదురిల్లు కిరాయికి తీసుకుంది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని వచ్చిన మొదటి వారమే నేను అడిగాను. "నువ్వెందుకు చేసుకున్నవో ముందు చెప్పు" అన్నది. అట్లా మా స్నేహం మొదలైంది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. నాకప్పటికే మనవరాలు పుట్టింది, వేలిముద్ర తప్ప ఇంకొకటి రాదు.

ఆమె అరుగు మీద మధ్యాహ్నం పూట ఆడవాళ్ళకు అక్షరాలు చెప్పేది. నేను వెళ్ళి, నాకు బస్సు బోర్డు చదవడం వస్తే చాలు, మిగతా చదువు వద్దన్నాను. "బోర్డు చదివి బస్సెక్కుతవు సరే, ఎక్కి కూసున్నంక ఏం చదువుతవు?" అన్నది. ఆమె పాఠమంతా ఒక్క కథలోంచే వచ్చేది. ఎప్పుడో వేల ఏళ్ళ కింద గొర్రెలు కాసుకుంటూ గుడారాలు మార్చుకుంటూ తిరిగిన ఇశ్రాయేలీయుల కథ. అదే ఎందుకంటే, మాకు తెలియని మాటలు అందులో తక్కువట. గొర్రె, గుడారం, బావి, కరువు, ఇటుక, నది. నేను నేర్చిన మొదటి అక్షరం 'గ'. దాంతో గొర్రెనూ గుడారాన్నీ ఒక్క రోజే సంపాదించాను.

నాకు అనుమానం వస్తే కడుపులో దాచుకోలేను. ఆమె చర్చికి పోయే మనిషి. ఒకరోజు అందరి ముందే అడిగాను. "టీచరమ్మా, నిజం చెప్పు. మమ్ముల మీ మతంల కలుపుకుంటందుకేనా ఈ కత?"

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, "నిన్ను కలుపుకుంటె మా పాస్టరు పారిపోతడు రాజవ్వా. ఆయనను నేనెక్కడ ఎతుకుదు?" అన్నది. నవ్వు ఆగిన తరువాత నెమ్మదిగా, "ఇది వాళ్ళ కత. బతుకెట్ల బతికిండ్రో చెప్తున్న. మీ దేవుళ్ళ జోలికి నేను రాను" అన్నది. ఉన్నన్నాళ్ళూ ఆ మాట మీదే నిలబడింది.

మా ఇంటాయన కొమురయ్య బాయిలో కోల్ ఫిల్లర్. గనిని మేము బాయి అంటాం. తట్టతో బొగ్గు ఎత్తి టబ్బులు నింపడం ఆయన పని. మార్నింగు షిఫ్టు దిగి వచ్చి, మా గుమ్మంలో కూర్చుని కాళ్ళు కడుక్కుంటూ ఎదురింటి పాఠం వినేవాడు, విననట్టు. ఒకరోజు, కరువుకు ఐగుప్తుకు, అంటే ఈజిప్టుకు, పోయిన ఆ జనం అక్కడే బానిసలైపోయి ఇటుకలు చేశారని, పనివాళ్ళు సెలవు అడిగారన్న కోపంతో రాజు గడ్డి ఇవ్వడం మానేసి, ఇటుకల లెక్క మాత్రం తగ్గొద్దన్నాడని ఆమె చెబుతున్నది. ఆయన చెంబు కింద పెట్టి లేచాడు. "గడ్డి ఇయ్యడా? గడ్డి లేకుంట మట్టి ఎట్ల పట్టుకుంటది? ఇది టబ్బులు పంపకుంట బొగ్గు నింపుమన్నట్టున్నది! ఆళ్ళకు యూనియను లేకుండెనా?"

"ఉండె కొమురన్నా. కొత్తగ పెట్టిండ్రు. లీడరుకు మాట సక్కగ రాకపోయేది, అన్నను ఎంట తీస్కపోయేటోడు."

"అయితె ఇగ గెల్సినట్టే" అని ఆయన మళ్ళీ కాళ్ళు కడుక్కున్నాడు. ఆ రోజు నుంచి ఆయనకు నేను పాఠానికి పోవడం మీద పేచీ లేదు. పైగా రాత్రి తింటూ "ఇయ్యాల యాడిదాక వచ్చిండ్రు?" అని అడిగేవాడు.

మా అత్త మల్లవ్వ సంగతి వేరు. ఊళ్ళో పోచమ్మకు మొదటి బోనం ఆమెదే. మా అత్తగారి అత్త నుంచి వచ్చిన హక్కు అది. ఆమె అరుగెక్కేది కాదు, వాకిట్లో చింతపండు గింజ తీస్తూ కూర్చుని, చెవులు మాత్రం ఎదురింటికి పంపేది. ఒకనాడు టీచరమ్మ, ఆ జనం మొదట్లో అందరిలాగే ఇంటి దేవుళ్ళను పెట్టుకునేవాళ్ళని, చెట్ల కింద, గుట్టల మీద రాళ్ళు నిలబెట్టి నూనె పోసేవాళ్ళని, ఒక్కడే దేవుడన్న మాట మీదికి రావడానికి వాళ్ళకు చాలా తరాలు పట్టిందని చెప్పింది. ఒక కోడలైతే పుట్టింటి నుంచి పోతూ పోతూ తండ్రి దేవుళ్ళను ఎత్తుకుపోయి, వెతకడానికి వచ్చినప్పుడు ఒంటె జీను కింద దాచి, దాని మీద కూర్చుని, ఒంట్లో బాగాలేదు లేవలేనని చెప్పిందట.

వాకిట్లోంచి మా అత్త గొంతు లేచింది. "తెలివిగల్ల పిల్ల! మా రాజీ అయితె దేవుళ్ళను ఇడిశి ఇత్తడి గంజు ఎత్తుకుంటుండె."

తరువాత్తరువాత వాళ్ళ దేవుడికి బొమ్మే చెయ్యగూడదన్నారని టీచరమ్మ చెబితే అత్తకు అసలు నచ్చలేదు. "మొకం లేనోన్ని ఎట్ల గుర్తుపడ్తరే?"

"మీ పోచమ్మ రాయికి ముక్కుమొకం ఉన్నయా అవ్వా?"

"పసుపు పూస్తె కనపడ్తది" అన్నది అత్త. టీచరమ్మ వాదించలేదు. "అది గూడ నిజమే" అని నల్లబల్ల వైపు తిరిగింది. వాదంలో గెలవగలిగి కూడా ఊరుకునే మనిషిని నేను చూడడం అదే మొదలు.

నన్ను అన్నిటికన్నా పట్టుకున్నది ఏడో రోజు సంగతి. బానిసలుగా ఒక్కరోజు కూడా విశ్రాంతి ఎరగని జనం కాబట్టి, బయటపడ్డాక ఏడో రోజు ఎవరూ పని చెయ్యకూడదని కట్టడి పెట్టుకున్నారట. కొడుకు, బిడ్డ, జీతగాడు, పనిమనిషి, గొడ్డు, ఊళ్ళోకొచ్చిన పరాయివాడు, అందరికీ సెలవే. మా దగ్గర ఆదివారాన్ని ప్లేడే అంటారు, ఆ రోజు డ్యూటీ దొరికితే డబుల్ జీతం, దొరికినవాడు అదృష్టవంతుడు. నేను ఆ లెక్కలో లేను. నాకు తట్టింది వేరే.

"గొడ్డుకు గూడ సెలవు, బాగనే ఉన్నది. మరి ఇంటామెకు?"

టీచరమ్మ వేళ్ళ మీద మళ్ళీ ఒకసారి అందరినీ లెక్కపెట్టుకున్నది. "పెండ్లాం పేరు లేదు రాజవ్వా" అన్నది. "చిన్నప్పటి సంది చదువుతున్న, నాకు ఎన్నడు తట్టలే." తరువాత పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి, గొడుగు కింద గిన్నె పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. అన్నం, కోడికూర. "ఇయ్యాల నువ్వు పొయ్యి ముట్టిస్తె నా మీద ఒట్టు." కూరలో ఉప్పు ఎక్కువైంది. అయినా నా పెళ్ళైన తరువాత ఒళ్ళు బాగున్న రోజున ఇంకొకరు వండి పెడితే నేను తిన్న మొదటి అన్నం అది.

ఇక అసలు సంగతి. కొన్నేళ్ళకు మా ఊరు ఓపెన్‌కాస్టు కిందికి పోతుందని తేలింది. సెంటినరీ కాలనీ పక్కన ప్లాట్లు ఇచ్చారు. ఒక్కో ఇల్లు ఖాళీ అవుతున్నది, కప్పుల మీది గూన పెంకులు దించుతున్నారు, తలుపులు ట్రాక్టర్లెక్కుతున్నాయి. మా అత్త మాత్రం మంచం కదల్లేదు. "పోచమ్మ పొలిమేర దాటది. ఆమె దాటంది నేను దాట. మీరు పోండ్రి." అందరూ పోయి, ఈమె ఒక్కతే మిగిలితే ఎట్లా? కొమురయ్య బతిమిలాడాడు, నేను తిట్టాను, సర్పంచు దండం పెట్టాడు. వానలు దగ్గరపడుతున్నాయి. మంచంతో సహా ఎత్తుకుపోదామని కొమురయ్య అంటే, "నా అంతల నేను రాకుంటె, అక్కడ గుక్కెడు నీళ్ళు ముట్ట" అన్నది. ఆమె అన్నంత పనీ చేసే మనిషి.

నేను టీచరమ్మ కాళ్ళ మీద పడ్డంత పని చేసి, నువ్వే ఏదన్నా చెప్పమన్నాను. "ఆమె దేవత గురించి నేను చెప్పుడు మర్యాద కాదు" అన్నది. చెప్పలేదు కూడా. మరునాడు మామూలుగా పాఠం మొదలుపెట్టింది, అరుగు మీద కాదు, మా వాకిట్లో. చదువుకునేవాళ్ళం మిగిలింది ముగ్గురం. ఎడారిలో ఆ జనానికి గుడి లేదని, దేవుడికి కూడా గుడారమే వేశారని చెప్పింది. ఆయన మాట చెక్కిన పలకలు ఒక పెట్టెలో పెట్టి, పెట్టెకు మోతకర్రలు తొడిగి, జనం లేచినప్పుడల్లా భుజాల మీద ముందు నడిపించేవాళ్ళట. అది ఆగిన చోట ఊరు ఆగేది. చాలాకాలం తరువాత ఒకసారి కొత్త బండి మీద ఎక్కిస్తే ఎడ్లు తడబడి, పట్టుకోబోయినవాడి ప్రాణమే పోయిందట. మళ్ళీ భుజాల మీదికే వచ్చారట.

అత్త గింజ తీసే చెయ్యి ఆగింది. "దేవునికి పొలిమేర లేకుండెనా?"

"జనం ఏడుంటె ఆడ."

"ఊఁ" అన్నది అత్త. అంతే. సాయంత్రం మాత్రం బైండ్లాయనను, అంటే మా పోచమ్మ కొలువు చేసే పూజారిని, పిలిపించింది. ఆయన, తల్లిని బోనం పెట్టి అడగాలి, సరేనంటే తీసుకుపోవచ్చు, తన తాత కూడా ఒక ఊరి తల్లిని అట్లాగే తరలించాడని చెప్పాడు. అడిగారు. తల్లి సరేనన్నది.

తరలించే రోజు కుర్రవాళ్ళు ఉత్సాహంతో తప్పు చేశారు. బాయి పనిలో బరువంటే వాళ్ళకు బండే గుర్తొస్తుంది. ఎవరినో పట్టుకుని ఒక టిప్పరు తెచ్చి, కడిగి, మామిడాకులు కట్టారు. అది చూసి మా అత్త మంచం దిగింది. నెలల తరువాత ఆమె అంత వడిగా నడవడం అప్పుడే చూశాను. "బొగ్గు బండిల పోచమ్మనా? ఆళ్ళు బండెక్కిస్తె ఏమైందో టీచరమ్మ చెప్పలేదా? దించుండ్రి! భుజాల మీద తేండ్రి!"

"కట్టెల మీద మోస్తె పాడె లెక్క ఉంటదే అవ్వా" అన్నాడొకడు భయంగా.

దానికి కొమురయ్య ముందుకొచ్చాడు. "బాయిల పట్టాలు మోస్తలేమా? పాడెకు ఏడుపు ఉంటది. పట్టాకు కూత ఉంటది." అప్పుడు రాయి కింద తాళ్ళు వేసి, దుంగలు దూర్చి, అటు నలుగురు ఇటు నలుగురు, బాయిలో రైలు పట్టా ఎత్తే తీరున ఒకడు కూత వేస్తే అందరూ ఒక్కసారే ఊపిరి బిగబట్టి లేపారు. డప్పులు మోగాయి. పోచమ్మ మా ఊళ్ళోంచి లేచి నడిచింది. ముందు అత్త బోనమెత్తుకుని, వెనక మేమంతా. ఏడుస్తామనుకున్నాను. కూత వేసేవాడు మధ్యలో సూపర్వైజరును తిట్టే మాట ఒకటి అలవాటుగా కలిపేసి నాలుక కరుచుకుంటే, మోసేవాళ్ళు నవ్వి నవ్వి రాయిని దించాల్సి వచ్చింది. పోచమ్మ కూడా నవ్వే ఉంటుంది.

ఆ గుంపు పక్కన, కొంచెం ఎడంగా, గొడుగు వేసుకుని నీళ్ళ బిందెతో టీచరమ్మ నడుస్తున్నది. "నువ్వెందుకు టీచరమ్మా, మీవాళ్ళు ఏమన్న అంటరు" అన్నాను. "అననీ. నేను పసుపు పెట్టలేను, దండం పెట్టలేను. దూపైతె నీళ్ళు పొయ్యనా?" అన్నది. ఆ దారి పొడుగునా మోసేవాళ్ళందరికీ దోసిళ్ళలో నీళ్ళు పోసింది.

కొత్త చోట రాయిని నిలబెట్టాక, అత్త చెమట తుడుచుకుంటూ ఆమెను పిలిచి అడిగింది. "ఇంతకు ఆళ్ళు చేరిండ్రానే?"

"చేరిండ్రవ్వా. చేరినంక గూడ ఏడాదికోసారి ఇండ్లిడిశి, కొమ్మల పందిట్ల ఉంటరు. నడిచొచ్చినమని మరువకుంట."

మా అత్త ఎవరి దగ్గరా ఏదీ తేరగా తీసుకునేది కాదు, ఇది మాత్రం తీసుకున్నది. ప్రతి ఏడూ పోచమ్మను తెచ్చిన రోజున మా స్లాబు ఇంటి ముందు కానుగ కొమ్మలతో పందిరి వేసి, దాని కిందే వండి, దాని కిందే తింటాం. తెలంగాణ వచ్చిన ఏడు టీచరమ్మ ఆ పందిట్లోనే ఉన్నది. బయట పటాకులు మోగుతుంటే కొమురయ్య కేకేశాడు. "మనం గూడ చేరినం టీచరమ్మా!" ఆమె, "చేరినంకనే కొమురన్నా వాళ్ళకు అసలు పని మొదలైంది" అన్నది. అత్త ఆమె విస్తట్లో ఇంకో ముద్ద పెట్టి, "పని రేపు. ఇయ్యాల తిను" అన్నది. తరువాత టీచరమ్మ కాసిపేటలో చెల్లెలి దగ్గరికి పోయింది. అక్కడే కన్నుమూసింది. అత్త కూడా లేదు.

మొన్న పందిరి వేసినప్పుడు నా మునిమనవరాలు, ఇల్లుండగా బయట ఎందుకు తింటున్నామని అడిగింది. మనం నడిచి వచ్చినోళ్ళమని చెప్పాను. ఎవరెవరు నడిచిండ్రన్నది. అందరి పేర్లూ చెప్పాను, చివర సలోమి టీచరమ్మ పేరు కూడా.

"ఆమె మనోళ్ళేనా?"

"మనతోని నడిచింది బిడ్డా" అన్నాను. "ఇంకేం గావాలె?"