తుఫాన్ల ఏట పట్టుపురుగులు

పంతొమ్మిదివందల యాభైల చివర్లో, నాకు పెళ్లయిన రెండో ఏడు, తుఫాను మీద తుఫాను వచ్చింది. సముద్రం మాకు చాలా దూరం. అయినా మద్రాసు వైపు గాలి లేచిందంటే మా హిందూపురం పల్లెల్లో రోజుల తరబడి ముసురు పట్టేది. ఒకటి వెలిసిందనుకునేలోపు ఇంకొకటి. ఒకే ఏడు ఇన్ని తుఫాన్లు తన ఎరుకలో లేవని మా ఆయన వాళ్ల అవ్వ అనేది. ఆ ముసురులోనే ఆమె మంచం పట్టింది.

అప్పుడు ఇంట్లో పట్టుపురుగులు నాలుగో జ్వరం లేచి ఉన్నాయి. పురుగు పొర విడిచే ముందు తిండి మానేసి పడుకుంటుంది. దాన్నే జ్వరం అంటాం. నాలుగోది లేచాక రాత్రీ పగలూ తింటూనే ఉంటుంది. తడి ఆకు వేస్తే రోగమొస్తుందని నేనూ మా అత్తా పాత పంచె గుడ్డలతో మల్బరీ ఆకులు ఒక్కొక్కటే తుడిచేవాళ్లం.

ఒక పొద్దున అవ్వ పిలిస్తే పలకలేదు. అత్త ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు కూర్చుంది. తర్వాత నావైపు తిరిగింది.

"పురుగులకి ఆకెయ్ పోమ్మా."

"మైల కదత్తా?"

"అవి ఆగుతాయా?"

మగవాళ్లు వానలోనే అవ్వను ఎత్తుకుపోయారు. మధ్యాహ్నం దాటాక మా ఆయన మోకాళ్లదాకా బురదతో వచ్చి గడప మీద కూర్చున్నాడు.

"గుంతలో నీళ్లు ఊరుతానే ఉండాయమ్మా. కడవలతో తోడి తోడి దించినాం" అన్నాడు.

నేను, "ఆకు అయిపోవస్తాంది" అన్నాను. ఆయన నా మొహం చూసి, ఖాళీ గంప తీసుకుని మళ్లీ వానలోకి పోయాడు. నాకు ఏడుపు వస్తుందేమో అనుకున్నాను. రాలేదు. చేతులు మాత్రం ఆకు తుడుస్తూనే ఉన్నాయి.

కొన్నాళ్లకు పురుగులు తినడం మానేశాయి. ముట్టుకుంటే మెత్తగా చితికిపోయేవి. ఒక్కటీ గూడు కట్టలేదు. తట్టలెత్తి అన్నీ పేడదిబ్బలో పోశాం. "పోనీలే" అంది అత్త. అంతే.

ఎండ వచ్చిన రోజు తట్టలు కడిగి గోడకు ఆనించాను. పెనుకొండ నుంచి మా నాయన చూసిపోదామని వచ్చాడు.

"ఎట్లుండావమ్మా?"

"బాగుండా నాయనా" అని కాళ్లకు నీళ్లిచ్చాను.