గది ట్రాకులో మావ తప్పెట

తప్పెట కట్టుకుంటే మా మావకి ఆకలి గుర్తుండేది కాదు. గరివిడిలో ఆయనింటి ముందుగదే నా స్టూడియో. కిందటి వేసవిలో ఆయన్ని అక్కడ నిలబెట్టి, ఛాతీ మీద తప్పెటతో, దగ్గరొక మైకు, గది మూలన ఇంకో మైకు పెట్టి, ఒక్కో దెబ్బనీ విడివిడిగా రికార్డు చేశాను. గట్టివి, మెత్తనివి, అంచు మీదివి. వాటిని కంప్యూటర్లో పేర్చుకున్నాక మీట నొక్కితే చాలు, మావ వాయించినట్టే ఉండేది. ఆయనే విని, "నన్ను డబ్బాలో పెట్టేసినావురా అల్లుడా" అని మురిసిపోయాడు.

చలికాలంలో పోయాడు. అత్త ఒక్కటే మాట చెప్పింది: ఏడాది తీరేదాకా ఆయన తప్పెట ఇంట్లో మోగకూడదు, ఆయన్ని ఎవరూ పిలవకూడదు. పోయినవాడు ఏడాదంతా దారిలోనే ఉంటాడట, వింటే వెనక్కి మళ్లుతాడట. నాకు ఇలాంటి మాటలంటే ఒళ్లు మంట. కానీ ఆవిడ మొహం చూశాక ఎదురు చెప్పబుద్ధి కాలేదు, ఒట్టేశాను.

ఇంతలో అమ్మవారి పండక్కి మావ వాయించిన తప్పెటగుళ్ల దళం వాళ్ల పాట నా నెత్తిన పడింది. ఇంకెవరి దెబ్బా ఆ నడకకి అతకలేదు. హెడ్‌ఫోన్లో మోగితే ఇంట్లో మోగినట్టు కాదులే అని నాకు నేనే సర్దిచెప్పుకుని, పాటంతా మావతోనే కట్టాను. పంపేముందు తప్పెట ట్రాకు నోరు నొక్కేసి, అతికినా అతక్కపోయినా బదులుగా కొనుక్కున్న డప్పు శబ్దాలు పెడదామని నా లెక్క.

మిక్సింగ్ చేసే విశాఖ మనిషికి అన్నీ కలిపిన పాట పనికిరాదు. డోలు వేరుగా, గజ్జెలు వేరుగా, గది మూలన పెట్టిన మైకు వేరుగా, ఏ శబ్దానికా ఫైలు కావాలి. అలాగే పంపాను. మధ్యాహ్నం భోజనాల వేళకి ఫోన్ చేసి, అన్నీ ఒకే చోట మొదలవలేదు, మళ్లీ తియ్యి అన్నాడు. నాకు చిర్రెత్తింది. హెడ్‌ఫోన్స్ అవతల పడేసి, మళ్లీ తీసిన ఫైళ్లని స్పీకర్లో ఒక్కొక్కటే విన్నాను.

డోలు బాగానే ఉంది, గజ్జెలూ బాగానే ఉన్నాయి. గది మైకు ఫైలు పెట్టగానే తప్పెట వినిపించింది. పక్కగదిలో తలుపేసుకుని ఎవరో వాయిస్తున్నట్టు. నేను నోరు నొక్కింది దగ్గరి మైకుకే. మూలనున్న మైకుని మరిచిపోయాను. నా బుర్రకేమైందో!

మెత్తని దెబ్బ ఒకటి పడింది. దాని వెనకే ఆడగొంతు: "రావయ్యా, అన్నం సల్లారిపోతన్నాది." రికార్డు చేసిన రోజు వంటింట్లోంచి వచ్చిన కేక, ఆ దెబ్బ మోత చివర ఉండిపోయింది, మిగతా శబ్దాల హోరులో ఇన్నాళ్లూ వినపడలేదు. ఆ దెబ్బ పడ్డచోటల్లా ఆ గొంతు పిలుస్తోంది.

చేట పట్టుకుని అత్త గుమ్మంలోకి వచ్చింది. "అదెవర్తిరా, అలాగ పిలుస్తన్నాది?" అంది.

అంతలో పాట వేగమందుకుంది. దెబ్బ మీద దెబ్బ పడుతూ కేకని మధ్యలోనే తెంపేస్తోంది. "రా, రా, రా, రా." ఆపడానికి వెతుకుతుంటే మౌస్ నా చేతికి అందలేదు. అత్త మొహంలో రంగు దిగిపోయింది.

"నేనే కదరా అది" అంది. గొంతు బాగా తగ్గించింది. "నా సేత ఇంక పిలిపించకురా. వచ్చేస్తాడు."

ఆపేశాను. ఆ ఫైలు చెరిపేసి మిగతావి పంపితే, గది మోత లేకపోతే పాట పొడిగా ఉంటుందని విశాఖ మనిషి గొణిగాడు. ఉండనీ అన్నాను.

అత్త చేట కింద పెట్టి, వెళ్లి వీధి తలుపు గడియ వేసింది. వీధిలో అడుగుల చప్పుడు కోసం తలుపుకి చెవి ఆనించింది. తర్వాత తనే గడియ తీసి, తలుపు బార్లా తెరిచి పెట్టింది.