ఇంకొక్క రోజు

మా దీవిలో, తెల్లదొరల వకోవా సైనిక స్థావరంలో చిల్లుల కార్డులు చదివే పాత లెక్కల యంత్రానికి మా బావే మెకానిక్కు. నేనక్కడ గుమాస్తాను. కొత్త భాగాలు కావాలని ఏటా అర్జీ టైపు చేసేవాణ్ణి. దొరలు బడ్జెట్ లేదనేవారు. బావ సైకిల్ స్ప్రింగులతో నెట్టుకొచ్చేవాడు. రోజూ పొద్దున్నే దాని మూత మీద అరచెయ్యి ఆనించి, "అంకోర్ ఎన్ జూర్, తల్లీ" అనేవాడు. మా దీవి భాషలో, ఇంకొక్క రోజు నడవమని బతిమాలడం.

స్వాతంత్ర్యం రాగానే దొరలు యంత్రాన్ని మనవాళ్లకు అప్పగించారు. ఆ వారమే బావ, దొరలిప్పించిన ఉద్యోగానికి ఇంగ్లండు ఓడెక్కాడు. మూడోనాడు యంత్రం ఆగిపోయింది.

భాగాలకు డబ్బడిగితే మన కొత్త అధికారి అప్పగింత కాగితం తీశాడు.

"మంచి స్థితిలో ఉందని రాసుంది గదా. బాగున్నదానికి బడ్జెట్టెందుకు?"

కింద బావ సంతకం. దాని పక్కన, సాక్షిగా, నాది. అక్క మొగుడు పెట్టమన్న కాగితం చదివే అలవాటు నాకు లేదు.